తెర మీది సూది, చేతిలోని సూది

అల్ట్రాసౌండ్ చూస్తూ సూది వేయడం ఇప్పుడిప్పుడే మొదలుపెడుతున్న జూనియర్ల కోసం ఇది రాస్తున్నాను. నేను గోదావరి జిల్లాల్లో ఒక ఆసుపత్రిలో అనస్థీషియా పీజీ చేస్తున్నాను. మాది కోనసీమ. ఈ పనిలో నాకు బాగా అక్కరకొచ్చిన సాధన చాలావరకు మెషీన్ దగ్గర జరగలేదు. కత్తిపీట ముందు కూర్చుని, కాలవ గట్టు మట్టి పిసికి, కాగితం మీద బొమ్మలు గీసి నేర్చుకున్నదే ఎక్కువ. నాకు ఆ దారి చూపించిన మేడమ్ దొరికారు. అందరికీ దొరకరు కదా, అందుకే ఈ రాత.

ముందు మా ఓటీకి, అంటే ఆపరేషన్ థియేటర్‌కి, ఎవరెవరు వస్తారో చెప్పాలి. కొబ్బరి దింపుకి చెట్టెక్కి జారిపడి చెయ్యి విరగ్గొట్టుకున్నవాళ్ళు వస్తారు. కాలవ గట్ల మీద రాత్రిపూట బైకు అదుపు తప్పినవాళ్ళు వస్తారు. ఇంట్లో కాలు జారి తుంటి ఎముక విరిగిన పెద్దవాళ్ళు ఎప్పుడూ వార్డులో ఉంటారు. డయాలసిస్ కోసం చేతిలో ఫిస్టులా, అంటే ధమనినీ సిరనీ కలిపే దారి, పెట్టించుకోవడానికి వచ్చేవాళ్ళూ ఉంటారు. వీళ్ళలో చాలామందికి షుగరో, ఉబ్బసమో, గుండె బలహీనతో ఉంటుంది. పూర్తి మత్తు ఇస్తే తట్టుకుంటారా అన్న బెంగ మాకూ, వాళ్ళింట్లోవాళ్ళకీ కూడా. ఆ చేతికో ఆ కాలికో వెళ్ళే నరాల చుట్టూ మందు పెట్టి, అంతవరకే నొప్పి తెలియకుండా చేసే బ్లాక్ ఇలాంటివాళ్ళకి పెద్ద ఊరట. మెడలోని పెద్ద సిరలోకి సెంట్రల్ లైన్ అనే సన్న గొట్టం వేయాలన్నా, చేతుల మీద ఒక్క సిర కూడా దొరకని మనిషికి సెలైన్ పెట్టాలన్నా అల్ట్రాసౌండ్ ఉంటే పని సురక్షితంగా జరుగుతుంది.

ఒకప్పుడు ఎముకల గుర్తులు తడిమి, ధమని కొట్టుకునే చోటు చూసుకుని సూది వేసేవారు. చెయ్యి ఝుమ్మంటే నరం దొరికినట్టు లెక్క. తర్వాత చిన్న కరెంటుతో కండని కదిలించి నరాన్ని గుర్తుపట్టే స్టిమ్యులేటర్లు వచ్చాయి. 1978లో లా గ్రాంజ్ బృందం డాప్లర్‌తో, అంటే రక్తం పారడాన్ని శబ్దంతో పసిగట్టే పరికరంతో, ధమనిని పట్టుకుని కాలర్ ఎముక పైన బ్లాక్ వేసింది. 1994లో వియన్నాలో కాప్రాల్ బృందం నేరుగా అల్ట్రాసౌండ్ బొమ్మ చూస్తూ అక్కడే బ్లాక్ వేసిన అనుభవాన్ని ప్రచురించింది. ఇప్పుడు మా దగ్గర సీనియర్లు మెషీన్ లేకుండా బ్లాక్ వేయడం అరుదు.

చూస్తూనే వేస్తారు కదా, ఇక కష్టమేముంది అని మా ఇంట్లోనే అడిగారు. కష్టమంతా ఆ చూడటంలోనే ఉంది.

ప్రోబ్ అంటే ఒంటి మీద ఆనించి పట్టుకునే మెషీన్ భాగం. దాని కింద శబ్ద తరంగాలు ఒక పలచటి పొరలా ఒంట్లోకి దిగుతాయి. మెత్తటి కండలో శబ్దం సెకనుకి 1540 మీటర్ల వేగంతో పోతుందని మెషీన్ లెక్క వేసుకుంటుంది. ప్రతిధ్వని తిరిగి రావడానికి పట్టిన సమయాన్ని బట్టి లోతు గీస్తుంది. బాగా ఫోకస్ అయిన చోట ఆ పొర మందం మిల్లీమీటరు దరిదాపుల్లో ఉంటుంది. స్క్రీన్ మీద మనకి కనిపించేది ఆ ఒక్క పొర మాత్రమే. సూది అందులో ఉంటే తెల్లటి గీతలా కనిపిస్తుంది. కాస్త పక్కకి జరిగిందా, మాయమైపోతుంది. మాయమైంది స్క్రీన్ మీదే, ఒంట్లో కాదు. అది ఎక్కడో ఒకచోట ముందుకి పోతూనే ఉంటుంది. అసలు ప్రమాదం అదే.

ఇంకో చిక్కు ఉంది. సూదిని పొరకి అడ్డంగా వేసే పద్ధతిలో, అంటే అవుటాఫ్ ప్లేన్‌లో, స్క్రీన్ మీద సూది ఒక చుక్కలాగే కనిపిస్తుంది. ఆ చుక్క సూది మొన కావచ్చు, మధ్య భాగం కావచ్చు. రెండూ చూడటానికి ఒకలాగే ఉంటాయి. మొన అప్పటికే సెంటీమీటరు కిందికి దిగి సిర వెనక గోడ దాటేసి ఉండొచ్చు. పొర వెంబడి పొడుగునా వేసే ఇన్ ప్లేన్‌లో సూది మొత్తం కనిపిస్తుంది కానీ, ఆ సన్నని పొరలోనే దాన్ని నిలబెట్టడం కష్టం.

అంటే కొత్తగా నేర్చుకునే మనిషి ఒకేసారి మూడు చోట్ల ఉండాలి. పేషెంటు ఒళ్ళు ఒకటి, దానికి తల వైపు, కాళ్ళ వైపు, లోపలి వైపు, బయటి వైపు ఉంటాయి. చేతిలో ప్రోబ్ ఒకటి, దానికి మార్కర్ అనే గుర్తు ఉన్న వైపు, లేని వైపు ఉంటాయి. ఎదురుగా స్క్రీన్ ఒకటి, దానికి కుడి, ఎడమ, పైన, కింద తప్ప ఇంకేమీ లేవు. చదునైన ఆ బొమ్మ చూసి, లోపల లోతూ పొడవూ వెడల్పూ ఉన్న వాటిని మనసులో కట్టుకుని, చేతికి చెప్పాలి. చేతులు వణుకుతున్నాయని మేమంతా చేతుల్నే తిట్టుకునేవాళ్ళం. మేడమ్ మాత్రం మా చేతుల జోలికి వెళ్ళలేదు. మా కళ్ళు ఎటు పోతున్నాయో చూసేవారు. కొత్తవాళ్ళు ఒకసారి చేతి వైపు, ఒకసారి స్క్రీన్ వైపు మార్చి మార్చి చూస్తారు. సూది కనిపించకపోతే సూదినీ ప్రోబ్‌నీ ఒకేసారి కదిపేస్తారు. రెండూ కదిలితే దేనివల్ల ఏం మారిందో ఎవరికీ తెలియదు.

ఆవిడ మాకు మొదట ఇచ్చింది సూది కాదు, కాగితాలు. వాటి మీద చిన్న చిన్న ఘనాలు అతికించినట్టున్న బొమ్మలు జతలుగా ఉన్నాయి. రెండోది అదే వస్తువుని తిప్పి పెట్టిందా, లేక అద్దంలో ప్రతిబింబమా చెప్పాలి. 1971లో షెపర్డ్, మెట్జ్లర్ అనే ఇద్దరు ఇలాంటి బొమ్మలతోనే ఒక ప్రయోగం చేశారు. బొమ్మ ఎంత కోణం తిరిగి ఉంటే జవాబు చెప్పడానికి అంత ఎక్కువ సేపు పట్టిందని, ఆ పెరుగుదల దాదాపు తిన్నటి గీతలా ఉందని తేలింది. అంటే మనిషి మనసులో ఆ వస్తువుని నిజంగానే కొంచెం కొంచెంగా తిప్పుకుంటున్నాడన్నమాట. స్క్రీన్ వంకర్లో ఉన్నా, మార్కర్ తిరగేసి ఉన్నా మన బుర్రకి ఎందుకంత బరువవుతుందో నాకు అక్కడ అర్థమైంది. ఆ తిప్పుడంతా బుర్రే చెయ్యాలి, అదే సమయంలో సూదినీ చూసుకోవాలి.

మా బ్యాచ్‌లో ఒకతను ఆ కాగితాలు గబగబా పూర్తి చేసేశాడు. వాళ్ళ నాన్నగారు పడవలు కట్టే మనిషి. చిన్నప్పటినుంచి చెక్కల మధ్యే పెరిగాడు. ఇంకొకమ్మాయికి చాలా సేపు పట్టింది, ముఖం చిన్నబోయింది. మేడమ్ ఆ అమ్మాయితో అన్న మాట నేను రాసి పెట్టుకున్నాను: "ఇది నువ్వు పనికొస్తావా రావా అని చూసే పరీక్ష కాదమ్మా. ఎవరికి ఎక్కడినుంచి మొదలుపెట్టాలో నాకు తెలియడానికి." ఇలాంటి పరీక్షల్లో ముందున్నవాళ్ళకి అల్ట్రాసౌండ్ సూది పని మొదట్లో కొంత తేలిగ్గా పట్టుబడుతుందని పరిశోధనలు ఉన్నాయి. అయితే వస్తువుల్ని మనసులో తిప్పి చూసుకునే ఈ సామర్థ్యం పుట్టుకతో గీసేసిన గీత కాదు. 2013లో అట్టల్ బృందం 217 అధ్యయనాల్ని కలిపి పరిశీలించి, శిక్షణతో ఇది పెరుగుతుందని, ఆ పెరుగుదల కొంతకాలం నిలుస్తుందని కూడా చూపించింది. అమెరికాలో మిషిగన్ టెక్ యూనివర్సిటీలో షెరిల్ సోర్బీ అనే ప్రొఫెసర్ ఇంజనీరింగ్ విద్యార్థుల కోసం 1990లలోనే దీని మీద ఒక కోర్సు నడిపారు. ఇంజనీరింగులో మొదటి ఏడాదే చేస్తున్న పని, సూది పట్టుకునే మా చదువులో ఇన్నేళ్ళుగా ఎందుకు లేదో నాకు అర్థం కాదు.

కాగితం మీది ఘనాల దగ్గరే ఆగిపోతే పెద్ద లాభం లేదని కూడా చెప్పాలి. బొమ్మలు తిప్పడం సాధన చేస్తే బొమ్మలు తిప్పడం బాగా వస్తుంది. మా పనికి అంతకన్నా దగ్గరగా ఉన్నది ఇంకొకటి: ఒక వస్తువుని ఫలానా కోణంలో కోస్తే కోసిన ముఖం ఎలా ఉంటుందో ముందే ఊహించడం. ఎందుకంటే ప్రోబ్ చేసేది అదే, కత్తి లేకుండా కోయడం.

కాబట్టి కత్తిపీట.

శెలవుకి ఇంటికెళ్ళినప్పుడు బీరకాయ, కాకరకాయ, అరటి దూట, దోసకాయ ముందు పెట్టుకుని కూర్చునేదాన్ని. కొయ్యకముందు కాగితం మీద గీయాలి, ఆ తర్వాతే కొయ్యాలి, పక్కపక్కన పెట్టి చూసుకోవాలి. అడ్డంగా కోస్తే గుండ్రం. ఏటవాలుగా కోస్తే సాగిన గుడ్డు ఆకారం. పొడుగునా కోస్తే రెండు సమాంతర గీతలు. రక్తనాళాన్ని ప్రోబ్‌తో చూసినప్పుడు కనిపించేవి సరిగ్గా ఈ మూడే. స్క్రీన్ మీద ధమని సాగి కనిపిస్తే ప్రోబ్ ఏటవాలుగా ఉందని చూడగానే తట్టాలి. కాకరకాయ ఇంకా మంచి పాఠం. గింజలు ఒక్కో కోతకి ఒక్కో చోట తేలతాయి. ఈ కోతలో ఎడమ పక్కనున్న గింజ తర్వాతి కోతలో మధ్యకి వచ్చిందంటే అది లోపల ఎటు వాలి ఉందో చెప్పగలగాలి. "కూరకి తరుగుతున్నావా, చదువుకుంటున్నావా?" అని అమ్మ అడిగేది. రెండూ జరిగేవి. ముక్కలన్నీ ఒకే సైజులో ఉండకపోయినా కూర మాత్రం బాగానే ఉండేది.

దానికంటే నాకు నచ్చింది మట్టి పని. మాకు మట్టికి కొదవ లేదు. కాలవ గట్టు నల్ల బంకమన్నుని పిసికి, అందులో రంగు కలిపిన మైదా పిండి ముద్దని సన్నగా చేసి, వై ఆకారంలో పాతిపెట్టాలి. బయటికి మట్టి ముద్దే కనిపిస్తుంది. ఇద్దరిద్దరం జట్టు. ఒకరు ముద్ద చేస్తారు, దారంతో ఒక వైపునుంచి పొరలు పొరలుగా కోస్తారు, ఒక్కో కోతనీ గీస్తారు. రెండోవాళ్ళు ముద్దని చూడకుండా ఆ బొమ్మలు మాత్రమే చూసి లోపల ఉన్నది మళ్ళీ పిండితో కట్టి చూపించాలి. చివర్లో రెండూ పక్కన పెడతాం. ఇది రాసినంత తేలిక కాదు. మొదట్లో మేం కట్టినవాటిలో కొమ్మలు ఎటో తిరిగి ఉండేవి. పోనుపోను రెండు మూడు కోతలు చూడగానే మిగతాది మనసులో నిలబడటం మొదలైంది.

ఈ ఆట ఎందుకో మేడమ్ గోదావరి మ్యాప్‌తోనే చెప్పారు. ధవళేశ్వరం పైన నదికి అడ్డంగా ఒక గీత గీస్తే ఒకటే నది తగులుతుంది. బ్యారేజీ దిగాక గీస్తే రెండు తగులుతాయి, గౌతమి, వసిష్ఠ. ఇంకా కిందికొచ్చి పి.గన్నవరం దగ్గర గీస్తే వైనతేయ కూడా చేరుతుంది. గీత మీద ఎన్ని పాయలు తగిలాయో చూసి నువ్వు నదికి ఎంత పైన ఉన్నావో, ఎంత కింద ఉన్నావో చెప్పొచ్చు. తొడ మొదట్లో ఫెమొరల్ ధమని కూడా అంతే. గజ్జ మడత దగ్గర ఒకటే ధమని ఉంటుంది. కిందికి పోయాక లోతు శాఖ విడిపోయి రెండవుతాయి. ఫెమొరల్ బ్లాక్, అంటే ఆ ధమని పక్కనే ఉన్న ఫెమొరల్ నరానికి వేసే బ్లాక్, కోసం చూస్తున్నప్పుడు రెండు ధమనులు కనిపిస్తే ప్రోబ్‌ని తల వైపు జరపాలి, రెండూ కలిసి ఒకటయ్యేదాకా. మాకు ఆ మాట ఇక మర్చిపోయే పని లేదు, రోజూ ఆ పాయల మీద వంతెనలు దాటి వచ్చేవాళ్ళం కాబట్టి.

మెషీన్ ఇంటికి తెచ్చుకుని సాధన చేయొచ్చు కదా అని కొందరు స్నేహితులు అడిగారు. మన దేశంలో అది కుదరదు. ఆడపిల్లల్ని గర్భంలోనే గుర్తించి చంపేయకుండా తెచ్చిన 1994 నాటి పీసీపీఎన్‌డీటీ చట్టం కింద ప్రతి అల్ట్రాసౌండ్ మెషీన్ రిజిస్టర్ అయి ఉండాలి. రిజిస్టర్ చేసిన చోటునుంచి ఇష్టమొచ్చినట్టు కదపకూడదు. జేబులో పట్టే చిన్న ప్రోబ్‌లకీ అదే నియమం. ఆ చట్టం ఎందుకు కావాల్సి వచ్చిందో తెలిసిన ఆడదాన్నిగా దాని మీద నాకు ఫిర్యాదు లేదు. అందుకే మెషీన్ అవసరం లేని సాధన మాకు ఇంకా విలువైనది. మెషీన్ దగ్గర దొరికే కాసేపూ సూది మీద పెట్టొచ్చు, కుడి ఎడమలు తేల్చుకోవడానికి ఖర్చయిపోదు.

మెషీన్ మా దగ్గరికి రాదు కాబట్టి ఫాంటమ్‌ని దాని దగ్గరికి తీసుకెళ్ళాం. ఫాంటమ్ అంటే ఒంటి బదులు సూది గుచ్చి చూసే ముద్ద. కంపెనీవి చాలా ఖరీదు. జెలటిన్‌తో చేసుకోవచ్చు కానీ మే నెలలో మా ఊళ్ళలో అది కాసేపట్లో నీరుగారిపోతుంది, ఎందుకంటే ఒంటి వేడి దగ్గరే కరిగే పదార్థం అది. చైనా గ్రాస్ అని కిరాణా కొట్లో దొరికే అగర్ అగర్ అలా కాదు. గట్టిపడ్డాక బాగా మరిగిస్తే తప్ప కరగదు. మామూలుగా పుడ్డింగ్‌కి వేసేదానికంటే చాలా చిక్కగా కాచి, దించి, మందుల షాపులో దొరికే ఇసబ్‌గోల్ పొట్టు కలపాలి. ఆ పొట్టు వల్ల రెండు లాభాలు. ఒకటి, అల్ట్రాసౌండ్‌లో అది కండలాగా బూడిద రంగు మచ్చలుగా కనిపిస్తుంది. రెండు, పైనుంచి చూస్తే లోపలున్నది కనిపించదు, కాబట్టి స్క్రీన్ చూడక తప్పదు. కలిపేటప్పుడు నురగ రాకూడదు. గాలి బుడగ ఉన్నచోట శబ్దం ఆగిపోయి దాని కింద ఏమీ కనపడదు. అరటి బోదె కూడా పెట్టి చూశాం, ఊళ్ళో ఊరికే దొరుకుతుంది కదా అని. లోపలంతా గాలి గదులు, స్క్రీన్ మీద ఏమీ రాలేదు.

సిరల కోసం గ్లవ్ వేలు కత్తిరించి, రంగు నీళ్ళు నింపి, ముడేసి అగర్‌లో పాతాం. నొక్కితే అది అణుగుతుంది. పక్కనే గట్టి సెలైన్ ట్యూబు ముక్క నీళ్ళతో నింపి పెట్టాం. అది అణగదు. మెడలో సిరని ధమనినుంచి విడదీసి గుర్తుపట్టేది అలాగే, ప్రోబ్‌తో మెల్లగా నొక్కితే సిర మూసుకుపోతుంది, కెరోటిడ్ ధమని గుండ్రంగా నిలబడి కొట్టుకుంటుంది. వాడగా వాడగా ముద్దంతా సూది గాట్లతో నిండిపోతుంది. అప్పుడు మళ్ళీ కాచి పోసుకోవడమే. ప్రోబ్‌కి ప్లాస్టిక్ కవరు తొడిగి, ఓటీ లిస్టు అయ్యాక, పెద్దవాళ్ళ అనుమతితో, మెషీన్ ఉన్న గదిలోనే ఇదంతా చేసేవాళ్ళం. ఆ సూదులూ జెల్లూ పేషెంట్ల సామానుకి దూరంగా వేరే డబ్బాలో ఉండేవి.

ఫాంటమ్ దగ్గర మేడమ్ పెట్టిన నియమాల్లో మొదటిది, కదపకముందు చెప్పాలి. "ప్రోబ్‌ని తల వైపు వాలిస్తే ట్యూబు స్క్రీన్ మీద ఎటు జరుగుతుంది?" జవాబు పైకి చెప్పాలి, తర్వాతే వాల్చాలి. ఊహ తప్పితే ఆవిడ ఏమీ అనేవారు కాదు, ఎందుకు తప్పిందో మమ్మల్నే చెప్పమనేవారు. నొక్కడం, జరపడం, తిప్పడం, వాల్చడం, ప్రోబ్‌కి ముఖ్యమైన కదలికలు ఈ నాలుగూ. ఒక్కోసారి ఒక్కటే. నా మట్టుకు నేను ఈ ఒక్క అలవాటువల్ల ఎక్కువ నేర్చుకున్నాను. ఊరికే ప్రోబ్ తిప్పుతూ బొమ్మ కోసం వెతుకుతుంటే ఎప్పుడో ఒకప్పుడు బొమ్మ వస్తుంది, కానీ ఎలా వచ్చిందో బుర్రలో మిగలదు. ముందు ఊహించి తర్వాత చూస్తే, సరైనా తప్పైనా అది మిగులుతుంది.

రెండోది, ఒకసారి ఒక చెయ్యే కదలాలి. సూది స్క్రీన్ మీద పోయిందా, సూది చెయ్యి అక్కడికక్కడ ఆగిపోవాలి. ప్రోబ్‌ని మాత్రం వెంట్రుకవాసి జరుపుతూ సూదిని వెతకాలి. దొరికాకే సూది ముందుకి. మొన ఎక్కడుందో అనుమానం ఉంటే అర మిల్లీలీటరు సెలైన్ నెట్టి చూడాలి, మొన ఉన్న చోట నల్లటి చిన్న మడుగు విచ్చుకుంటుంది. అవుటాఫ్ ప్లేన్‌లో అయితే తెల్ల చుక్క కనపడగానే ప్రోబ్‌ని కొద్దిగా ముందుకి జరిపి చుక్కని మాయం చేయాలి, సూదిని నెట్టి మళ్ళీ కనపడేలా చేయాలి. అలా ప్రోబ్ ఒక అడుగు, సూది ఒక అడుగు. చుక్క మొనే అని అప్పుడు నమ్మకం.

లెక్క కూడా కొంత ఉంది. సిర చర్మం కింద ఒకటిన్నర సెంటీమీటరు లోతులో ఉంటే, ప్రోబ్‌కి ఒకటిన్నర సెంటీమీటరు వెనక 45 డిగ్రీల్లో గుచ్చితే సూది సరిగ్గా పొర కింద సిరని కలుస్తుంది. అప్పటికి సూది లోపల నడిచిన దూరం రెండు సెంటీమీటర్ల పైచిలుకు. పదో తరగతి త్రిభుజమే. గుచ్చకముందు ఆ త్రిభుజం కాగితం మీద గీయించేవారు, ఎంత పొడవు సూది కావాలో కూడా దాన్నిబట్టే తేలేది.

ఇంకొకటి చాలామంది పట్టించుకోరు. మెషీన్ ఎక్కడ పెట్టాం అన్నది. చిన్న ఓటీల్లో చోటు లేక మెషీన్‌ని భుజం వెనక్కో, పక్కకో నెడతారు. మెడ తిప్పి చూస్తూ సూది నడిపితే, చెయ్యి పోయే దిక్కు ఒకటి, స్క్రీన్ మీద సూది పోయే దిక్కు ఇంకొకటి. ఆ తేడా అంతా బుర్రే మోయాలి, షెపర్డ్ కాగితాల్లో తిప్పినట్టు. కన్ను, చెయ్యి, సూది, స్క్రీన్ ఒకే వరసలో ఉంటే ఆ బరువు సగం పోతుంది. పేషెంటుకి ఆ పక్క, నాకు ఎదురుగా మెషీన్ పెట్టమని అడగడానికి మొదట్లో మొహమాటపడేవాళ్ళం, పోర్టబుల్ ఎక్స్‌రేనీ, ట్రాలీనీ జరపాలి కదా అని. మా ఓటీ టెక్నీషియన్ అన్నే ఒకరోజు, "జరపమంటే జరుపుతాం కదండీ, దానికేముంది" అన్నారు. అప్పటినుంచి బ్లాక్ అనగానే ఆయనే ముందు చోటు ఖాళీ చేసి ఉంచుతారు.

ఇన్నిటి తర్వాత పేషెంటు. లంకల్లోనుంచి వచ్చిన పెద్దాయన, తుంటి దగ్గర ఎముక విరిగింది. ఆపరేషన్‌కి స్పైనల్, అంటే వెన్నులో ఇచ్చే మత్తు, ఇవ్వాలంటే కూర్చోబెట్టాలి, కూర్చోబెట్టాలంటే ఆ కాలు కదలాలి. కాలు ముట్టుకుంటేనే ఆయన ప్రాణం పోతున్నట్టు అరుస్తున్నారు. ముందు ఫెమొరల్ బ్లాక్ వేసి నొప్పి తగ్గిస్తామని చెప్పాం.

"ఆయ్, సూది నరానికి అంటండి? కాలు పడిపోదు కదండీ మరి?"

"నరంలోకి కాదు తాతగారూ, నరం పక్కన మందు పెడతాం. సూది ఎక్కడికి పోతుందో ఈ టీవీలో కనిపిస్తూనే ఉంటుంది. కాసేపు కాలు మొద్దుబారినట్టుంటుంది, మళ్ళీ మామూలే."

"అలాగేనండి. చూసి వెయ్యండి."

మేడమ్ గ్లవ్స్ వేసుకుని నా పక్కనే నిలబడ్డారు. కొవ్వు మందు దగ్గర పెట్టి ఉంచాం, మత్తు మందు పొరపాటున రక్తంలోకి పోతే విరుగుడుగా ఇచ్చేది. ప్రోబ్ పెట్టకముందు అలవాటు ప్రకారం పైకి చెప్పాను: మార్కర్ పేషెంటు బయటి వైపు, స్క్రీన్ మీద ఎడమ అంటే బయటి వైపు, కాబట్టి ఎడమనుంచి కుడికి నరం, ధమని, సిర. పెట్టగానే రెండు ధమనులు కనిపించాయి. తల వైపు జరిపాను. రెండూ దగ్గరకొచ్చి ఒకటయ్యాయి, గుండ్రంగా కొట్టుకుంటున్న పెద్ద నల్ల చుక్క. దాని పక్కన సిర, కొంచెం నొక్కితే చప్పబడిపోయింది. నరం మొదట కనపడలేదు. ప్రోబ్‌ని కొద్దిగా వాల్చాను, మసగ్గా ఉన్నచోట తెల్లటి చదును ముద్ద ఒకటి వెలిగింది. శబ్దం తగిలే కోణం మారితే నరం మెరవడం, మాయమవడం మామూలే. ముందే తెలుసు కాబట్టి కంగారు పడలేదు.

సూది బయటి వైపునుంచి పొర వెంబడి వేశాను. ఒకచోట మొన కనపడలేదు. చెయ్యి ఆపి, ప్రోబ్ జరిపి, దొరికాక ముందుకి పోయాను. నరం మీద ఫేషియా ఇలియాకా అని తెల్లటి సన్న పొర ఉంటుంది. సూది దాన్ని నొక్కితే పొర ముందు లోపలికి సొట్టపడింది, తర్వాత టప్పున దాటింది. వేళ్ళకి ఆ దాటడం తెలిసింది, అదే క్షణంలో స్క్రీన్ మీద సొట్ట పైకి లేచింది. రక్తం వస్తుందేమో వెనక్కి లాగి చూసి, కొద్ది కొద్దిగా మందు నెడుతుంటే నరం కింద నల్లగా పరుచుకుంటూ ఆ తెల్ల ముద్దని మెల్లగా పైకి తేల్చింది. వేళ్ళకి తెలిసిందీ, కంటికి కనపడిందీ ఒకటే కావడం, దాన్ని వర్ణించడం నాకు చేతకాదు. కొంతసేపయ్యాక ఆయన్ని పక్కకి తిప్పి, పట్టుకుని కూర్చోబెట్టారు. అరవలేదు. స్పైనల్ ఇచ్చేశాం.

ఆ రోజు సాయంత్రం నేను చేసిన మొదటి పని సూది దారి గీయడం. ఇదీ మేడమ్ పెట్టిన అలవాటే. ప్రతి ప్రొసీజర్ తర్వాత రెండు బొమ్మలు గీయాలి: స్క్రీన్ మీద కనిపించింది ఒకటి, పక్కనుంచి ఒంటిని కోసి చూస్తే సూది ఎలా ఉండేదో ఇంకొకటి. పీజీ లాగ్‌బుక్‌లో ఎన్ని బ్లాకులు వేశామో అంకె రాస్తాం. ఆ అంకె పక్కన ఇలాంటి బొమ్మ ఒకటి అడిగితే ఎవరికి ఎంత అర్థమైందో ఇట్టే తెలిసిపోతుందని నా గట్టి నమ్మకం. పేషెంటు మీద లెక్క పెంచుకుంటూ పోయి, ఎప్పటికో అర్థం చేసుకోవడం న్యాయం కాదు. ఆ నేర్చుకునే కాలమంతా నొప్పి ఓర్చుకునేది ఎదుటి మనిషి. కొంత నేర్చుకుని వెళ్ళడానికి వీలున్నప్పుడు నేర్చుకునే వెళ్ళాలి. దానికి కావాల్సింది ఒక బీరకాయ, ఇంత మట్టి, చైనా గ్రాస్ ప్యాకెట్టు, పక్కన కూర్చుని ప్రశ్నలు అడిగే ఒక సీనియర్.

ఆ కాగితాల దగ్గర ముఖం చిన్నబుచ్చుకున్న అమ్మాయి గురించి అడుగుతారేమో. ఇప్పుడు మా బ్యాచ్‌లో అవుటాఫ్ ప్లేన్‌లో సిర పట్టడానికి కష్టమైన కేసు ఉంటే ఆ అమ్మాయినే పిలుస్తాం. మట్టి ముద్దల ఆటని అందరికంటే ఎక్కువ కాలం వదలకుండా ఆడింది తనే.

నేను ఇప్పుడు కాలర్ ఎముక పైన వేసే సూప్రాక్లావిక్యులర్ నేర్చుకుంటున్నాను, చెట్టుమీంచి పడి చెయ్యి విరిగినవాళ్ళకి బాగా పనికొచ్చే బ్లాక్. అక్కడ ధమని పక్కనే నరాల గుత్తి, దాని కింద మొదటి పక్కటెముక, దాన్ని ఆనుకుని ఊపిరితిత్తి పొర. మొన ఎక్కడుందో తెలియకుండా ఒక మిల్లీమీటరు కూడా ముందుకి పోకూడని చోటు అది. కొత్త ఫాంటమ్‌లో పక్కటెముక కోసం కొబ్బరి చిప్ప ముక్కని అరగదీసి అగర్‌లో పెట్టి చూడబోతున్నాం. ఎముకలాగా వెనక నల్లటి నీడ పడాలి. చిప్ప ముక్కలు సిద్ధంగా ఉన్నాయి, ఇసబ్‌గోల్ తెచ్చే వంతు ఈసారి జూనియర్లది.